ఫైటర్ చేతికి ఒక్క కత్తా, పది ఆయుధాలా? మీ టేబుల్‌కి నప్పే నియమం ఎంచుకోవడం ఎలా

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర వేస్తూ, పాచికలు దొర్లించి కలిసి కథ నడిపే ఆట. అందులో విజార్డ్ (మంత్రాలు వేసే పాత్ర) వంతు వచ్చిందంటే టేబుల్ అంతా ఆగి చూస్తుంది. ఏ మంత్రం వేస్తాడు, ఎవరి మీద వేస్తాడు, మనవాళ్లకి తగలకుండా ఎలా వేస్తాడు అని. ఫైటర్ (ఆయుధాలతో పోరాడే పాత్ర) వంతు వస్తే మాత్రం ఇరవై ముఖాల పాచిక ఒకసారి దొర్లుతుంది, తగిలిందో లేదో తేలుతుంది, అయిపోయింది. కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు కలిసే గ్రూపైనా, బోర్డ్ గేమ్ కెఫేలో కొత్తగా పరిచయమైన ఐదుగురైనా, మూడో నాలుగో లెవెల్‌కి (పాత్ర బలం పెరిగే మెట్టు) వచ్చేసరికి ఫైటర్ ఆడే మనిషి ఫోన్ తీస్తాడు. "నీ వంతు" అంటే "ఏముందన్నా, మళ్లా కొట్టుడే గదా" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. తప్పు అతనిది కాదు. ఆయుధాల నియమం అతనికి ఆలోచించడానికి ఏమీ మిగల్చలేదు.

ఈ నియమాన్ని యాభై ఏళ్లుగా ఒక్కో ఆట ఒక్కోలా రాస్తూ వచ్చింది. వాటిలో మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫైటర్‌ని ఒకే ఆయుధానికి కట్టేసి దాని అంకెలు పెంచుకుంటూ పోయే నియమం కంటే, చాలా ఆయుధాలు చేతబట్టి ఒక్కోదానితో ఒక్కో పని చేయనిచ్చే నియమం మేలు. విజార్డ్‌కి మంత్రాల పుస్తకం ఎంతో, ఫైటర్‌కి ఆయుధశాల అంత కావాలి. అయితే అన్ని టేబుల్స్‌కీ ఇదే నప్పుతుందని అనను. అందుకే మిగతావాటినీ సరిగ్గా తూచి చూద్దాం.

ఏ నియమాన్నైనా నేను మూడు ప్రశ్నలతో చూస్తాను. ఆయుధం మారితే ఆ వంతులో చేసే పని మారుతుందా? దారిలో దొరికిన ఆయుధాన్ని ఫైటర్ సంబరంగా తీసుకుంటాడా, "ఇది నాకు పనికిరాదు" అని వదిలేస్తాడా? ఒక్కో దెబ్బ తేలడానికి ఎంత టైమ్ పడుతుంది? మూడోది చిన్న విషయం కాదు. మన హైదరాబాద్‌లో ఒకరు మియాపూర్ నుంచి, ఒకరు ఎల్బీనగర్ నుంచి వస్తారు, చివరి మెట్రో లోపు లేవాలి. ఒక్క పోరాటమే రెండు గంటలు తింటే కథకి టైమ్ ఎక్కడుంటుంది?

అన్ని ఆయుధాలూ ఒకటే

1974లో వచ్చిన మొట్టమొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దేంతో కొట్టినా డ్యామేజ్ (తగిలిన దెబ్బ చేసే నష్టం) ఒక ఆరు ముఖాల పాచికే. బాకైనా అంతే, రెండు చేతుల కత్తైనా అంతే. ఆయుధానికో పాచిక అన్న పద్ధతి 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంతో వచ్చింది. పాత ఆలోచన తర్వాత ఇంకో రూపంలో తిరిగొచ్చింది. 2012 నాటి డంజన్ వరల్డ్‌లో డ్యామేజ్ పాచిక ఆయుధాన్ని బట్టి కాదు, క్లాస్‌ని (ఫైటర్, విజార్డ్ లాంటి పాత్ర రకాన్ని) బట్టి ఉంటుంది. ఫైటర్ ఏది పట్టినా డీ10, అంటే పది ముఖాల పాచిక.

ఇందులో ఉన్న స్వేచ్ఛ తక్కువేం కాదు. భీముడిలా గద పట్టుకుంటానన్న కుర్రాడికి "గద కంటే కత్తికి డ్యామేజ్ ఎక్కువ" అని ఎవరూ అడ్డు చెప్పరు. మొదటిసారి ఆడేవాళ్లకి, ఒక్క పూటలో ముగిసే కథకి కళ్లు మూసుకుని ఇదే పెట్టొచ్చు. నెలల తరబడి సాగే ఆటలో మాత్రం ఆయుధం వేషంలో ఒక భాగంగా మిగిలిపోతుంది. ఫైటర్ మళ్లీ ఫోన్ తీస్తాడు.

తెలిసిన ఆయుధం, తెలియని ఆయుధం

1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ప్రతి పాత్రా తనకు చేతనైన ఆయుధాలను ఎంచుకోవాలి. ఫైటర్ నాలుగింటితో మొదలవుతాడు, మూడు లెవెల్స్‌కి ఒకటి చొప్పున కలుపుకుంటాడు. తెలియని ఆయుధం పట్టుకుంటే, తగిలిందో లేదో తేల్చే పాచిక రోల్‌లో 2 తగ్గుతుంది. మ్యాజిక్ యూజర్‌కి (అప్పటి విజార్డ్) మొదట్లో వచ్చేది ఒక్కటే ఆయుధం. వేరేది పట్టుకుంటే 5 తగ్గుతుంది.

ఈ 2కీ 5కీ మధ్య తేడాలో నాకు చాలా విషయం కనబడుతుంది. ఇరవై ముఖాల పాచిక మీద 2 అంటే తగిలే అవకాశంలో పది శాతమే. అంటే ఫైటర్ నేల మీద పడున్న ఏ ఆయుధం అందుకున్నా పోరాడగలడు, మ్యాజిక్ యూజర్ పోరాడలేడు. యోధుడంటే ఎవరో ఆ రెండు అంకెలే చెప్పేశాయి. తర్వాత వచ్చిన చాలా నియమాలు ఈ విషయాన్ని పక్కన పెట్టేసి, యోధుడంటే ఒక్క ఆయుధంలో నిపుణుడు అనుకోవడం మొదలుపెట్టాయి.

అదే పుస్తకంలో ఏ ఆయుధం ఏ కవచం మీద ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే పట్టిక ఉంది, ఒక్కో ఆయుధానికి వేగం అంకె కూడా ఉంది. ఆలోచన మంచిదే. ఉక్కు కవచం మీద కత్తి జారిపోతుంది, గద దెబ్బ లోపలికి దిగుతుంది. కానీ ప్రతి దెబ్బకీ పేజీ తిప్పి చూడాల్సి రావడంతో చాలామంది దాన్ని వాడనే లేదు. ఈ పద్ధతి నుంచి తీసుకోవాల్సింది ఆ చిన్న జరిమానా ఒక్కటే. తెలియని ఆయుధానికి ఫైటర్‌కి 2 కంటే ఎక్కువ ఎప్పుడూ తగ్గించకండి.

ఒకే ఆయుధంలో నైపుణ్యం

మన దగ్గర చాలామంది సొంత నియమాలు రాసుకునేటప్పుడు మొదట చేయి పెట్టేది ఇక్కడే. "ఒక ఆయుధం ఎంచుకో, దాంతో నువ్వు అందరికంటే గొప్పవాడివి." వినడానికి బాగుంటుంది. 1985లో అన్ఎర్త్‌డ్ ఆర్కానా పుస్తకంతో వచ్చిన ఈ నియమాన్ని అదే ఆట 1989 నాటి రెండో ఎడిషన్ కూడా ఉంచుకుంది. ఎంచుకున్న ఆయుధంతో రోల్‌కి 1, డ్యామేజ్‌కి 2 కలుస్తాయి. రౌండ్‌కి (అందరి వంతులూ ఒకసారి తిరిగే సమయం) ఒక దెబ్బ బదులు రెండు రౌండ్లకి మూడు దెబ్బలు పడతాయి.

ఒకటి, రెండు అంటే చిన్న అంకెల్లా కనబడతాయి. లెక్క వేసి చూడండి. మామూలు ఫైటర్‌కి 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలనుకుందాం, అంటే యాభై శాతం. లాంగ్‌సోర్డ్ డీ8, సగటు 4.5. రౌండ్‌కి సగటున 2.25 డ్యామేజ్. నైపుణ్యం ఉన్నవాడికి తగిలే అవకాశం 55 శాతం, సగటు డ్యామేజ్ 6.5, దెబ్బలు ఒకటిన్నర. మూడూ గుణిస్తే 5.36. అంటే రెండు రెట్లు కూడా దాటింది. ఒకే లెవెల్‌లో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఫైటర్లలో ఒకడు ఇంకొకడికి రెండింతలు. ఇలాంటప్పుడు నైపుణ్యం తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు, తీసుకుని తీరాలి. అందరూ తీసుకునే తీరాల్సిందాన్ని ఎంపిక అని ఎలా అంటాం?

ఏ ఆయుధంలో తీసుకోవాలన్నదీ ముందే తేలిపోయేది. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోని నిధుల పట్టిక లెక్కన మ్యాజిక్ కత్తి వస్తే అది లాంగ్‌సోర్డ్ అయ్యే అవకాశం 70 శాతం, రెండు చేతుల కత్తి అయ్యేది 1 శాతం. బల్లెంలో నైపుణ్యం తీసుకున్నవాడు మంచి మ్యాజిక్ బల్లెం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. లెక్క తెలిసిన ప్రతి ఫైటరూ లాంగ్‌సోర్డే పట్టాడు.

టేబుల్ దగ్గర దీనివల్ల జరిగేది చెబుతాను, ఎవరైనా గుర్తుపడతారు. ఆటగాళ్లు మూడు గంటలు కష్టపడి ఒక పాత సమాధి తెరుస్తారు. లోపల రాజుగారి గండ్రగొడ్డలి, పిడి మీద బంగారు తీగ, గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపే మనిషిగా, మీరు రాత్రంతా కూర్చుని దానికో చరిత్ర రాశారు. ఫైటర్ దాన్ని చూసి "నాది బల్లెం కదా, అమ్మేద్దాం" అంటాడు. పోనీ అని మీరు గొడ్డలిని బల్లెంగా మారిస్తే, ఇక ముందు ఈ ప్రపంచంలోని సమాధులన్నిట్లోనూ బల్లేలే ఉండాలి. ఆటగాడిని కట్టేసిన నియమం చివరికి గేమ్ మాస్టర్ చేతులు కూడా కట్టేస్తుంది.

2000 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ అంకెల్ని తగ్గించింది, వెపన్ ఫోకస్‌తో రోల్‌కి 1, నాలుగో లెవెల్‌లో స్పెషలైజేషన్‌తో డ్యామేజ్‌కి 2. కానీ వాటికోసం ఫీట్లు (లెవెల్ పెరిగేకొద్దీ ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యాలు) ఖర్చు పెట్టాలి. ఒకే ఆయుధం మీద వరసగా ఫీట్లు పెట్టినవాడు దాన్ని వదిలితే పెట్టుబడంతా పోతుంది. అందుకని ఒకే ఆయుధంతో ఎన్ని పనులు చేయొచ్చో వెతకడం మొదలైంది. ముళ్ల గొలుసు అలా పేరు తెచ్చుకుంది. దూరంగా ఉన్నవాడినీ కొడుతుంది, ఆనుకుని ఉన్నవాడినీ కొడుతుంది, కాళ్లు లాగి పడేస్తుంది, చేతిలోది ఊడగొడుతుంది. ఒక్క ఆయుధమే అన్ని పనులూ చేస్తుంటే మిగతావాటికి చోటెక్కడ? సొంతంగా ఆయుధాలు తయారుచేసేవాళ్లు ఈ గొలుసుని గుర్తుపెట్టుకోండి.

దీనికీ ఒక చోటుంది. పాత్ర కథ మొత్తం ఒక ఆయుధం చుట్టూ తిరిగితే, అంటే తాత ఇచ్చిన కత్తి, ప్రతిజ్ఞ చేసి పట్టిన విల్లు లాంటివైతే, ఆ పాత్రకి నైపుణ్యం ఇవ్వండి. రోల్‌కి 1 చాలు. దెబ్బల సంఖ్య మాత్రం ముట్టుకోకండి, లెక్కంతా తలకిందులయ్యేది అక్కడే. అదే 1985లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాస్టర్ రూల్స్ బాక్స్‌లో ఐదు మెట్ల నైపుణ్యం ఉంది. పై మెట్లకి వెళ్లేకొద్దీ ఎదుటివాడి దెబ్బ కాచుకోవడం, ఆయుధం ఊడగొట్టడం లాంటి కొత్త పనులు వస్తాయి. డ్యామేజ్ కూడా విపరీతంగా పెరుగుతుంది కాబట్టి దాన్ని యథాతథంగా వాడమని చెప్పను గానీ, నైపుణ్యం పెరిగితే పనులు పెరగాలన్న ఆలోచన అందులోంచి తీసుకోవచ్చు.

పందెం కాసే దెబ్బ

2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఫైటింగ్ స్టైల్స్ (ఫైటర్ ఎంచుకునే పోరాట పద్ధతులు) బాగానే తూచి పెట్టారు. బలం బోనస్ 3 ఉన్న ఫైటర్ ఒంటి చేత్తో లాంగ్‌సోర్డ్ పట్టి డ్యూయలింగ్ అనే స్టైల్ తీసుకుంటే సగటు డ్యామేజ్ 9.5, పైగా డాలు వల్ల రక్షణ 2 పెరుగుతుంది. రెండు చేతుల గ్రేట్‌సోర్డ్ పట్టి 1, 2 పడిన పాచికలు మళ్లీ వేసుకునే స్టైల్ తీసుకుంటే 11.33. రెండు డ్యామేజ్ లోపు తేడాకి ఎదురుగా రెండు రక్షణ. ఏది తీసుకున్నా తప్పు లేదు. ఇదే మంచి ఎంపిక అంటే.

ఆ తూకాన్ని పాడు చేసింది గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్. రోల్‌లో 5 తగ్గించుకుంటే డ్యామేజ్‌కి 10 కలుస్తుంది. మామూలుగా సగటు 10 డ్యామేజ్ చేసేవాడికి 65 శాతం తగిలే శత్రువు మీద వంతుకి 6.5 వస్తుంది. పందెం కాస్తే 40 శాతం, 20 డ్యామేజ్, అంటే 8. తగిలే అవకాశం సరిగ్గా 50 శాతం దగ్గర రెండూ సమానం, అంతకంటే తక్కువైతే పందెం దండగ. చూడటానికి ప్రతి వంతులోనూ ఒక నిర్ణయం ఉన్నట్టే ఉంటుంది. నిజానికి అది ఒక్కసారి లెక్క వేసుకుంటే తేలిపోయే విషయం. శత్రువు కవచం అంకె (కొట్టాలంటే రోల్‌లో రావాల్సిన అంకె) తెలిసిన రెండో రౌండ్ నుంచి ఆలోచించేది ఏమీ ఉండదు. పైగా ఈ లాభం బరువైన ఆయుధాలకే. డాలు పట్టినవాడు చూస్తూ కూర్చోవాలి. 2024 పుస్తకంలో ఈ పందెం తీసేశారు, నాకు సంతోషమే. మీరు ఇంకా 2014 పుస్తకాలతోనే ఆడుతుంటే ఈ ఫీట్ లేకుండా ఆడి చూడండి.

ఆయుధానికో గుణం

నేను చాలా టేబుల్స్‌కి సిఫారసు చేసేది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ప్రతి ఆయుధానికీ ఒక మాస్టరీ గుణం ఉంది, మొత్తం ఎనిమిది. వార్‌హామర్ తగిలితే శత్రువు పది అడుగులు వెనక్కి పోతాడు. లాంగ్‌సోర్డ్ గానీ బల్లెం గానీ తగిలితే అతని తర్వాతి దెబ్బ బలహీనపడుతుంది. బ్యాటిల్ యాక్స్ కింద పడేయగలదు. గ్రేట్ యాక్స్ పక్కవాడిని కూడా కోస్తుంది. గ్రేట్‌సోర్డ్ గురి తప్పినా బలం బోనస్ అంత డ్యామేజ్ చేస్తుంది. ఒకటో లెవెల్ ఫైటర్ మూడు ఆయుధాల గుణాలు వాడగలడు, రాత్రి విశ్రాంతి తీసుకున్నాక ఒకదాన్ని మార్చుకోవచ్చు.

దీనివల్ల ఏం మారుతుందో ఒక పోరాటంలో చూడండి. గోల్కొండలో బాలాహిస్సార్‌కి ఎక్కే మెట్ల లాంటి చోటు. ఫైటర్ పైన నిలబడ్డాడు, కింద నుంచి ముగ్గురు ఎక్కొస్తున్నారు, వెనక విజార్డ్‌కి ఇంకో రెండు రౌండ్లు కావాలి. ఇప్పుడు అతను వార్‌హామర్ పట్టుకుంటే ముందున్నవాడు పది అడుగులు కిందకి పోతాడు, మళ్లీ ఎక్కి రావాలి. ఇద్దరు ఒకే మెట్టు మీద ఇరుక్కుని ఉంటే గ్రేట్ యాక్స్ ఇద్దరినీ అందుకుంటుంది. వాళ్ల నాయకుడు విజార్డ్ దాకా వచ్చేశాడంటే లాంగ్‌సోర్డ్‌తో అతన్ని కొట్టడం మంచిది, విజార్డ్ మీద పడే దెబ్బ తప్పొచ్చు. డ్యామేజ్ లెక్కల్లో ఈ మూడింటికీ పెద్ద తేడా లేదు. చోటుని బట్టి, మనిషిని బట్టి సరైన ఆయుధం మారుతోంది. ఇప్పుడు ఫోన్ టేబుల్ మీద బోర్లా పడుంటుంది. పక్కవాళ్లు "అరే, వాణ్ణి కిందికి నూకు" అని సలహాలిస్తుంటారు. నేను కోరుకునే ఆట అది.

ఇక సమాధిలోని గండ్రగొడ్డలి సంగతి. విశ్రాంతి తీసుకున్నాక ఒక ఆయుధం మార్చుకోవచ్చు కాబట్టి ఆ రాత్రే ఫైటర్ గొడ్డలితో సాధన చేస్తాడు, మర్నాడు పొద్దున్నే దాని గుణం అతనిది. మీరు రాసుకున్న చరిత్ర వృథా పోదు.

లోపాలూ ఉన్నాయి. కింద పడేసే గుణానికి తగిలిన ప్రతిసారీ శత్రువు ఇంకో రోల్ వేయాలి. ఐదో లెవెల్‌లో ఫైటర్‌కి రెండు దెబ్బలు, పదకొండో లెవెల్‌లో మూడు. ఒక్క వంతులో గేమ్ మాస్టర్ మూడు అదనపు రోల్స్ వేస్తూ కూర్చుంటే టైమ్ కరిగిపోతుంది. ఈ గుణం వంతుకి ఒక్కసారే అని పెట్టండి. రెండోది, ఆ పుస్తకం ప్రకారం ఒక్కో దెబ్బకీ ఒక ఆయుధం తీయొచ్చు లేదా దాచొచ్చు. దాన్ని అడ్డం పెట్టుకుని ఒకే వంతులో సుత్తి, గొడ్డలి, కత్తి వరసగా మార్చేవాళ్లు బయలుదేరతారు. కళ్ల ముందు ఊహించుకుంటే అదేం పోరాటంలా ఉండదు. వంతుకి ఒక్క మార్పు చాలు. అప్పుడు ఏది పట్టుకుని మొదలుపెట్టాలన్నది నిజమైన నిర్ణయం అవుతుంది. మూడోది, బార్బేరియన్, పాలడిన్, రేంజర్, రోగ్‌లకి కూడా రెండేసి గుణాలు ఇచ్చారు. ఫైటర్‌కి మొదట్లో ఒక్కటే ఎక్కువ. ఆయుధాలే సర్వస్వమైన క్లాస్‌కి ఇది సరిపోదనిపిస్తుంది. ఒకటో లెవెల్ నుంచే నాలుగు ఇచ్చేయండి, డ్యామేజ్ ఏమీ పెరగదు.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఇదే దారిలో ఇంకా లోతుకి వెళ్లింది. వంతుకి మూడు యాక్షన్లు (చేయగలిగే పనులు). రెండో దెబ్బకి 5, మూడో దెబ్బకి 10 తగ్గుతాయి, చురుకైన చిన్న ఆయుధాలకైతే 4, 8 మాత్రమే. ఒరలోంచి ఇంకో ఆయుధం తీయాలంటే ఒక యాక్షన్ ఖర్చు. ఆయుధం మార్చడానికి ధర ఉండాలి, కానీ భయపడేంత ఉండకూడదు అన్నదాన్ని ఇంత చక్కగా పట్టుకున్న ఆట నాకు ఇంకోటి కనబడలేదు. మొదటి లెవెల్ ఫైటర్‌కి రోల్‌లో చాలా క్లాసుల కంటే 2 ఎక్కువ ఉంటుంది. కావాల్సినదానికంటే 10 ఎక్కువ వస్తే క్రిటికల్ (రెట్టింపు డ్యామేజ్ చేసే దెబ్బ) కాబట్టి ఆ 2 రెండు విధాలా పనికొస్తుంది. ఐదో లెవెల్‌లో ఒక్క ఆయుధం కాకుండా ఒక ఆయుధ వర్గాన్ని ఎంచుకోమంటుంది, అదీ బాగుంది. కానీ చదవాల్సింది చాలా ఉంది. వారం వారం తప్పకుండా కలిసే గ్రూప్, అందరూ నియమాలు చదివి వచ్చే గ్రూప్ అయితే దీనికి వెళ్లండి. నెలకోసారి కుదిరినప్పుడు కలిసేవాళ్లకి ప్రతిసారీ మొదటి నుంచి గుర్తుచేసుకోవాల్సి వస్తుంది.

నోటితో చెప్పి కొట్టడం

2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో యోధుడు ఆయుధాల గుణాల జాబితాలోంచి ఎంచుకోవాల్సిన పని లేదు. కొట్టే ముందు ఏం చేయబోతున్నాడో నోటితో చెబుతాడు. "వాడి డాలు కిందికి గుంజి మెడ మీద కొడతా." ఇరవై ముఖాల పాచికతో పాటు ఇంకో చిన్న పాచిక వేస్తాడు. దాని అంకె రోల్‌కీ డ్యామేజ్‌కీ కలుస్తుంది. దెబ్బ తగిలి, ఆ చిన్న పాచికలో 3 గానీ ఎక్కువ గానీ పడితే చెప్పిన పని జరుగుతుంది. ఒకటో లెవెల్‌లో అది మూడు వైపుల పాచిక, అంటే మూడో వంతు అవకాశం. లెవెల్‌కి ఒక మెట్టు పెరుగుతుంది.

కబుర్లు బాగా చెప్పే టేబుల్‌కి ఇంతకంటే హాయి లేదు. హైదరాబాద్‌లో అలాంటి టేబుల్స్‌కి కొదవా! పాచిక పడే ముందే నలుగురూ ముందుకి వంగుతారు. కానీ గేమ్ మాస్టర్ మీద భారం ఎక్కువ. పుస్తకంలో కొన్ని ఉదాహరణలున్నా, ఆటగాడు చెప్పింది ఎంత పెద్ద పనో చాలాసార్లు అక్కడికక్కడ తేల్చాలి. చొరవగా మాట్లాడేవాడికి లాభం, మెల్లగా ఉండే అమ్మాయికి నష్టం. అందుకే నెట్టడం, పడేయడం, ఊడగొట్టడం, అడ్డుకోవడం, బెదరగొట్టడం అని ఐదు పనులు రాసి, ఒక్కోదాని ఫలితం పక్కన పెట్టి, ఆ కాగితం టేబుల్ మధ్యలో ఉంచండి. మాటలు రానప్పుడు అందులోంచి ఎంచుకుంటారు.

వీటికి పూర్తిగా వేరే దారి కూడా ఒకటుంది. 1978 నాటి రూన్‌క్వెస్ట్ ఆట పద్ధతిలో ఒక్కో ఆయుధానికి శాతం ఉంటుంది, వాడేకొద్దీ పెరుగుతుంది. ఉన్న శాతం ఎంత ఎక్కువైతే పెరిగే అవకాశం అంత తక్కువ కాబట్టి నిపుణుడు నెమ్మదిగా పెరుగుతాడు. ఏళ్ల తరబడి సాగే ఆటకి, క్లాసులు, లెవెల్స్ వద్దనుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. మిగతావాళ్లకి అక్కర్లేదు.

మన ఆయుధాలతో సొంత నియమం

ఇంగ్లిష్ పుస్తకాల్లోని హాల్బర్డ్‌లు, రేపియర్‌లతోనే ఆడాలని లేదు. ఒక్కసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్లి పిడులు చూడండి, అలుగులు తర్వాత. ఆయుధం ఎలా వాడతారో చెప్పేది పిడి. తల్వార్ పిడి చివర పళ్లెంలాంటి బిళ్ల ఉంటుంది, అది మణికట్టుని వెనక్కి ఎక్కువ వంగనివ్వదు. పొడవడానికి కాదు, భుజం నుంచి చెయ్యి లాగుతూ కోయడానికి చేసిన కత్తి అది. కటారుకి రెండు కమ్మీల మధ్య అడ్డంగా పట్టు ఉంటుంది, పిడికిలితో గుద్దినట్టే దిగుతుంది. పటా అయితే మోచేతి దాకా ఇనుప తొడుగు, లోపల పట్టు, ముందు పొడవాటి అలుగు.

ఇంకో మాట. బరువుని బట్టి బలం పరిమితులు పెట్టకండి. ఒంటి చేతి కత్తులు ఎక్కువగా కిలో నుంచి కిలోన్నర, రెండు చేతులవి చాలామటుకు రెండు నుంచి మూడు కిలోలు. ఆటల్లో చూపించేంత బరువు అసలు ఆయుధాలకి ఉండదు. తేడా వచ్చేది పొడవులో, పట్టులో, బరువు ఎక్కడ నిలుస్తుందన్నదాంట్లో.

వీటికి నేను పెట్టే గుణాలు ఇవి. బలం బోనస్ 3, తగిలే అవకాశం 65 శాతం, మామూలు డీ8 కత్తికి వంతుకి సగటున 4.9 అనుకుని తూచాను. తల్వార్: ఆ వంతులో పది అడుగులైనా కదిలి కొడితే డీ8 బదులు డీ10. లాభం 0.65. గద: డీ8, ఉక్కు కవచం తొడిగినవాడి రక్షణలో 2 లెక్కలోకి రాదు. లాభం 0.75, అదీ కవచం ఉన్నవాడి మీదే. బల్లెం: డీ6 మాత్రమే, కానీ పోరాటానికి ఒకసారి, మీదికి వచ్చే శత్రువుని అతనికంటే ముందే కొట్టొచ్చు. నాలుగు రౌండ్ల పోరాటంలో లెక్క వేస్తే చిన్న పాచిక వల్ల పోయేది పోగా రౌండ్‌కి 0.4 మిగులుతుంది. కటారు: మామూలుగా డీ4, ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడేటప్పుడు డీ8. అప్పుడు పొడవాటి ఆయుధాలవాళ్లు రెండు పాచికలేసి చిన్నది తీసుకోవాలి. పటా: డీ8, చేతిలోంచి ఎవరూ ఊడగొట్టలేరు, కానీ ఆ చేత్తో తలుపు తీయడం, తాడు పట్టుకోవడం కుదరదు, విప్పడానికి ఒక వంతు మొత్తం పోతుంది.

కొత్తది చేర్చేటప్పుడు ఇదే కొలత వాడండి. ఎప్పుడూ పనిచేసే గుణమైతే లాభం 0.5 దాటకూడదు. అప్పుడప్పుడూ పనిచేసేదైతే ఆ సమయంలో 1 దాకా, చాలా అరుదుగా అయితే 2 దాకా పోవచ్చు. ఒకే ఆయుధానికి రెండు గుణాలు వద్దు, ముళ్ల గొలుసు సంగతి చూశాం కదా.

మ్యాజిక్ ఆయుధాల బదులు ఉక్కు నాణ్యత కూడా వాడుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది, డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ అలుగులు అలాంటి ఉక్కుతోనే చేసేవారు. ఫైటర్‌కి ఒక ముద్ద కోనసముద్రం ఉక్కు దొరికిందనుకోండి, దాంతో ఏ ఆయుధం చేయించుకోవాలన్నది అతని ఇష్టం. దొరికిన నిధి తన ఆయుధానికి సరిపడలేదన్న బాధే ఉండదు.

ఆట మధ్యలో ఉన్నవాళ్లు

ఇప్పటికే నైపుణ్యం పద్ధతిలో నడుస్తున్న ఆటని మార్చాలంటే ఫైటర్ ఆడే మనిషితో ముందు విడిగా మాట్లాడండి, నలుగురి ముందు వద్దు. అతను కష్టపడి కూడబెట్టుకున్న అంకెలు అవి. పాత ఆయుధం మీద రోల్‌కి 1 ఉంచేయండి, అదనపు దెబ్బలు తీసేసి బదులుగా నాలుగు ఆయుధాల గుణాలు ఇవ్వండి. ఒక పోరాటం పాత పద్ధతిలో, అదే శత్రువులతో అదే చోట ఇంకోటి కొత్త పద్ధతిలో ఆడి చూపించండి. మాటలతో ఒప్పించడం కంటే ఇది సులువు. మూడు నాలుగు వారాలు చూసి, అతను ఒకే ఆయుధం దగ్గర ఆగిపోతుంటే మీ శత్రువులు, మీ చోట్లు అన్నీ ఒకేలా ఉన్నాయేమో గమనించండి. మైదానంలో కవచం లేని దొంగలే వస్తుంటే గద తీయాల్సిన అవసరం ఎవరికీ రాదు. మెట్లు, ఇరుకు సందులు, వంతెనలు పెట్టండి, ఒక గుర్రపు రౌతుని దింపండి, ఉక్కు కవచం తొడిగిన కాపలావాడిని తలుపు దగ్గర నిలబెట్టండి. ఒక్కో ఆయుధం గుణాన్ని పోస్ట్‌కార్డంత కాగితం మీద రెండు లైన్లలో రాసి ఫైటర్ ముందు పేర్చండి, చేతిలో ఉన్న ఆయుధం కార్డు పైకి తిప్పి ఉంటుంది, మిగతావి బోర్లా. అతని వంతు వచ్చేసరికి ఏ కార్డు తిప్పాలా అని వాటిని చూస్తుంటాడు.